గ్లాసుడు నీళ్ళు

డాక్టరమ్మ గాజుగ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి ఆపరేషన్ బల్ల మీద పెట్టింది.

"పదకొండింటి బొగ్గు బండి పోయేటప్పుడు ఈ నీళ్ళు వణికితే నేను అనుమతి కాగితం మీద సంతకం పెట్టను. ఈ గదిలో కత్తి పట్టను," అంది.

మేస్త్రి సరేనని తలూపాడు.

కంటి ఆస్పత్రికి ఆ ఊళ్ళో దొరికిన జాగా అదొక్కటే. వెనక కొండ, ముందు రైలుకట్ట. పట్టాలకీ ఈ గదికీ మధ్య అరవై అడుగులు. ఇక్కడ చేయాల్సింది కంటి లోపలి పొరకి ఆపరేషను. సూది వెంట్రుక కన్నా సన్నం. అది కంట్లో ఉండగా నేల అదిరిందా, చూపునివ్వాల్సిన చెయ్యే చూపు తీసేస్తుంది.

"ఇక్కడి పాత గదిలోనూ ఇలాగే పెట్టి చూశాను. సగం నీళ్ళు ఒలికిపోయాయి," అంది డాక్టరమ్మ.

"ఆ నేల గోడల్ని పట్టుకుని ఉందమ్మా. ఇది పట్టుకోలేదు," అన్నాడు మేస్త్రి.

"మరి దేన్ని పట్టుకుంది?"

"దేన్నీ పట్టుకోలేదు. రబ్బరు దిమ్మల మీద కూర్చుంది."

పక్కనున్న ఇంజనీరు అందుకున్నాడు. "నేలకీ గోడకీ విడాకులు ఇప్పించాడు డాక్టరుగారూ. చుట్టూ వేలెడు సందు వదిలాం. అందులో గులకరాయి ఇరుక్కున్నా చాలు, గోడలో అదురు దాని మీదుగా నేలలోకి వచ్చేస్తుంది. ఈయన మూడు రోజులు బోర్లా పడుకుని, సైకిలు చువ్వతో సందంతా కెలికాడు. పనివాళ్ళు నేలలో బంగారం దొరికిందేమో అనుకున్నారు."

"రాళ్ళేమైనా దొరికాయా?" అంది డాక్టరమ్మ.

"ఏడు," అన్నాడు మేస్త్రి. "ఎనిమిదోది ఉందేమోనని నిద్ర పట్టడం లేదు."

ఆ రోజు పనివాళ్ళకి సెలవిచ్చేశారు. రైలు అదురు తప్ప వేరే అదురు ఉండకూడదు. చెప్పులూ ఫోనులూ వసారాలోనే వదిలి, కాళ్ళకి గుడ్డ తొడుగులు వేసుకుని ముగ్గురే లోపలికి వచ్చి ఉన్నారు. దుమ్ము రాకుండా మేస్త్రి తలుపు నెట్టాడు. జానెడు మందం తలుపు, అంచులకి రబ్బరు. కిటికీల్లేని గది; అది మెత్తగా మూసుకోగానే బయటి పిట్టల చప్పుడు కూడా ఆగిపోయింది.

పదకొండయింది. ముగ్గురూ గ్లాసు చుట్టూ వంగారు.

నీళ్ళు వణికాయి.

"అయిపోయింది మేస్త్రీ," అంది డాక్టరమ్మ.

మేస్త్రి గ్లాసు వంక చూడలేదు. వంగి బల్ల కిందకి చూశాడు.

"బాబూ, మోకాలు తియ్యి."

కంగారులో కాలూపుతున్న ఇంజనీరు మోకాలు బల్లకి ఆని ఉంది. నాలిక కరుచుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

నీళ్ళు నిలిచాయి. పైనున్న దీపం వాటిలో గుండ్రంగా కనిపిస్తోంది. ఊపిరి తగిలితే కదులుతాయేమోనని మేస్త్రి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పదకొండుంపావు దాటింది, పదకొండున్నర కూడా దాటింది. దీపం గుండ్రం చెదరలేదు.

డాక్టరమ్మ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది.

"మీ రైలు కూడా ఇవాళ సెలవు పెట్టినట్టుంది."

"ఎప్పుడూ ఇంత ఆలస్యం కాదమ్మా," అన్నాడు మేస్త్రి.

"పన్నెండుకి నేను బయల్దేరాలి. సంతకం పడితే సోమవారం నుంచి ఆపరేషన్లు. పడకపోతే మళ్ళీ తనిఖీకి రెండు నెలలు."

మేస్త్రి గోడ పక్క సందు వంక చూశాడు. ఇంజనీరే చెప్పాడు. "సోమవారం మొదటి పేరు ఈయన ఇంటావిడదే డాక్టరుగారూ. మొన్న మీరే చూశారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానిలో పొర వదులవుతోంది. పట్నానికి కొండ దారిలో పది గంటలు బస్సు కుదుపులు పడితే అదీ దక్కదని మీరే అన్నారు."

డాక్టరమ్మకి గుర్తొచ్చింది. "రెండు నెలలు ఆగే కన్ను కాదది," అంది గొంతు తగ్గించి. గ్లాసు వంక చూసి, జేబులోంచి కలం తీసింది. "నేల గట్టిగానే ఉంది. నా నమ్మకం మీద పెట్టేస్తాను. కాగితం ఇవ్వండి."

ఇంజనీరు గబగబా కాగితం తీశాడు. మేస్త్రి దాని మీద చెయ్యి పెట్టాడు.

"వద్దమ్మా."

"మీ ఆవిడ కన్ను మేస్త్రీ."

"అందుకే వద్దంటున్నా. ఆవిడ కంట్లో సూది ఉండగా ఆ బండి వస్తే? ఎనిమిదో రాయి ఉంటే?"

"బాబాయ్, నీకేమైనా పిచ్చా?" అన్నాడు ఇంజనీరు.

"రైలు పోనీ. పోయాక పెట్టండి," అన్నాడు మేస్త్రి. కాగితం మీద చెయ్యి తియ్యలేదు.

డాక్టరమ్మ కలం మూసి జేబులో పెట్టుకుంది. పన్నెండుకి ఐదు నిమిషాలు ఉండగా, ఇక లాభం లేదన్నట్టు వెళ్ళి తానే తలుపు లాగింది.

ఎదురుగా వసారాలో మేస్త్రి భార్య. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో అన్నం క్యారియరు పట్టుకుని నిలబడి ఉంది.

"పదకొండున్నరకల్లా తెస్తానన్నావు," అన్నాడు మేస్త్రి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె మీద చూపించాడు.

"నన్నంటావేంటయ్యా? రైలు గేటు వేసేస్తే ఎగిరి రమ్మంటావా? ఎంత పొడుగు బొగ్గు బండో, పోతూనే ఉంది. అది పోయేదాకా గేటు దగ్గర నిలబడితే నా చేతిలో ఈ గిన్నెలన్నీ గలగలలాడిపోయాయి. మీకిక్కడ తెలీలేదా?"