ఎడమపక్క మనిషి

ఆంగ్లెసీ ట్రాక్ మీద మోటార్‌సైకిల్ పందెం ముగించి నా కొడుకు గెతిన్ వచ్చేస్తున్నాడండీ! యుద్ధంలో నడుం కింద చచ్చుబడిన పిల్లాడు. బండి ఆగితే కాలు ఆన్చలేడు, చెరోపక్కా ఒకరు పట్టుకోవాలి.

కుడిపక్క వాడి జట్టులోని ఒంటిచేతి సిపాయి డూగల్ సిద్ధంగా ఉన్నాడు. ఎడమపక్క మనిషి కట్టుడుకాలు అప్పుడే ఊడిపోయి కూలబడ్డాడు.

"పెద్దాయనా, అటుపక్క మీరు రండి!" అని అరిచాడు డూగల్.

"ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు నన్ను ఒంటిమీద చెయ్యి వెయ్యనివ్వలేదు బాబూ!"

"వాడు తల ఊపితేనే పట్టుకోండి. ఊపకపోతే పడనివ్వండి. మా జట్టు కట్టుబాటది."

బండి నెమ్మదించింది. గెతిన్ నన్ను చూశాడు. తల ఊపలేదు. బండి నా వైపే ఒరుగుతోంది. నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"చూస్తావేంటి నాన్నా, పట్టుకో!"

బండితో సహా వాణ్ణి వాటేసుకున్నాను.

"అందరికన్నా ఆఖరున వచ్చావు కదరా, నత్త నయం!" అని డూగల్ వెక్కిరించాడు.

గెతిన్ నవ్వుతున్నాడు. "నాన్నా, బండి ఆగిపోయింది. ఇక వదులు."

నేనెందుకు వదులుతానండీ!