తాళం అట్లే ఉండనియ్యండి

సారూ, నిన్న జగిత్యాలలో మీ పోలీసు ఆఫీసుకొచ్చి గొంతు చించుకున్న కోరుట్ల లచ్చవ్వను.

గుర్తు తెలియని శవాల ఫొటోలు చూపించమని నాలుగు నెలలు తిరిగాను. "గా ఫొటోల సైటు మా ఆఫీసు కంప్యూటర్లల్లనే తెరుసుకుంటదవ్వా, బయట రాదు" అని ప్రతిసారీ పంపేశారు.

"సచ్చినోళ్ల మొకాలకు గూడ తాళమేస్తరా? కొడుకు ఉన్నడో లేడో తెల్సుకునేతందుకు మీ కాళ్లు మొక్కాల్నా?" అని నిన్న గుమ్మంలోనే కూర్చున్నాను.

మీరు లోపలికి పిలిచి చూపించారు. పదకొండో ఫొటో దగ్గర "గీయననా?" అన్నారు. కాదన్నాను.

"ఇండ్లల్ల నుంచే చూసేటట్లు తెరువుమని పైకి రాస్త అవ్వా" అని బస్సు దాకా సాగనంపారు.

ఆ ఫొటోలోని అంగీకి మూడో గుండీ ఎర్ర దారంతో కుట్టింది నేనే. ఆ రోజు ఇంట్లో తెల్ల దారం లేదు.

నా కోడలు శ్రీలత ఇవాళ కూడా నిండుగా బొట్టు పెట్టుకొని, వాడి వంతు బియ్యం కూడా పోసి వండింది. దానికి చదువొచ్చు, ఫోను చూడటమొచ్చు. అందుకే ఈ కార్డు పోస్టుమ్యాన్‌తో రాయిస్తున్నాను.

పైకి ఏమీ రాయకండి సారూ. జవాబు కూడా మా ఇంటికి పంపకండి. ఆ తాళం అట్లే ఉండనియ్యండి.