కాలువకి ఎంత ఇస్తారు?

తలుపు తీసినావిడ ఏమీ అడగకుండానే పక్కకి తప్పుకుని లోపలికి దారి ఇచ్చింది.

సర్వే అమ్మాయికి ఆశ్చర్యమేసింది. ఆ వీధిలో పొద్దుట్నుంచి ఎవరూ ఆమెని గడప దాటనివ్వలేదు.

పక్కింటాయనైతే గేటు దగ్గరే నిలబెట్టి, అడగ్గానే పెద్ద మొత్తం చెప్పేశాడు.

“రాసుకోండి, ఎంతైనా రాసుకోండి. ఇప్పుడేం జేబులోంచి తీయక్కర్లేదుగా,” అని నవ్వాడు.

ఆ అమ్మాయి రాసుకుంది. నిజమో కాదో చూడటం ఆమె పని కాదు.

ఈ ఇంట్లో మాత్రం వాసన ముక్కు పగిలేలా ఉంది. వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది. దాని పక్కన ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని, కాలువని చూస్తూ కూర్చున్నాడు. ఆ పూట నీళ్ళు ఊదారంగులో ఉన్నాయి.

“కిటికీ మూసుకోవచ్చు కదండీ,” అంది, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

“మూస్తే అలవాటైపోతుందమ్మా.”

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ట్యాబ్ తెరిచి, నోటికి వచ్చేసిన ప్రశ్న అప్పజెప్పింది.

“రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్ళతో ఈ కాలువ పాడైపోయింది. దీన్ని బాగుచేయడానికి మీ ఇంటి తరఫున నెలకి ఎంత ఇవ్వగలరు?”

“ఏమీ ఇవ్వను.”

“కొంచెమైనా?”

“పైసా కూడా ఇవ్వను.”

“కారణం చెప్పాలండీ. ఇందులో మూడున్నాయి. ఇచ్చే స్తోమత లేదు. ప్రభుత్వం మీద నమ్మకం లేదు. బాగుచేసే అవసరం లేదు.”

“అంతేనా?”

“అంతేనండి.”

“ఇంకోటి నేను చెబితే?”

“నొక్కడానికి ఉండాలి కదండీ.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కోపమేమీ లేదు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక రోడ్డు వైపు చూసే మనిషిలా ఉన్నాడు.

“నీకు తోచింది నొక్కుకో తల్లీ,” అని మళ్ళీ కాలువ వైపు తిరిగాడు.

ఆవిడ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

“ఈమధ్య మాటలు తగ్గించేశారమ్మా. ఏమీ అనుకోకు.”

“పర్లేదండీ,” అని లేచింది ఆ అమ్మాయి. ఆ వాసనలో నీళ్ళు గొంతు దిగవనిపించింది.

వీధిలోకి వచ్చి సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది.

“సార్, పైసా ఇవ్వనంటున్నారు. కారణం చెప్పట్లేదు.”

“కారణం లేకపోతే పనికిరాదు. ఇల్లెలా ఉంది?”

“మేడే సార్.”

“మరింకేం, స్తోమత ఉన్నట్టే. అవసరం లేదని నొక్కెయ్.”

నొక్కేసింది. తర్వాతి ఇంటి గేటు తీసేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

కాలువ గురించి ఎవరో కేసు వేశారట. శుద్ధి చేసే ప్లాంటు పెట్టించాలా వద్దా అన్నది తేల్చడానికి, జనం ఆ కాలువకి ఎంత విలువ ఇస్తున్నారో కనుక్కురమ్మని కోర్టే ఆ సర్వే చేయించింది. ఆ అమ్మాయికి తెలిసింది అంతవరకే.

వానలు తగ్గాక కేసు తీర్పుకొచ్చింది. ఫైళ్ళు మోయడానికి సూపర్‌వైజర్ ఆమెని కూడా కోర్టుకి తీసుకెళ్ళాడు.

ప్రభుత్వ లాయరు లేచాడు.

“అయ్యా, సర్వేలో జనం ఇస్తామన్నదాని సగటు చాలా తక్కువ వచ్చింది. అంతెందుకు, కాలువ ఒడ్డునే మేడ కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, దాన్ని బాగుచేసే అవసరమే లేదన్నారు.”

అది తన వేలు నొక్కిన మాటేనని ఆ అమ్మాయికి గుర్తొచ్చింది. ఏమీ అనిపించలేదు. ఏసీ చలికి చేతులు కట్టుకుని కూర్చుంది.

కేసు వేసినవాళ్ళ తరఫు లాయరు తన ఫైలు మూసేశాడు.

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళకే లేని అవసరం ఇంకెవరికి ఉంటుందన్నాడు. కేసు కొట్టేశాడు.

బయట వరండాలో, బెంచీ మీద ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఈ అమ్మాయిని చూసి పలకరింపుగా నవ్వింది.

“నువ్వు మా ఇంటికొచ్చిన సర్వే పిల్లవి కదూ? ఆవేళ మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయావు.”

గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“ఆ పెద్దాయన... బాగున్నారా అండీ?”

“పోయారమ్మా. ఊపిరితిత్తులు పాడైపోయాయి.”

వాన వెలిసిందని చెప్పినట్టే చెప్పింది.

ఆ అమ్మాయి ఫైళ్ళు రెండో చేతికి మార్చుకుంది. ఏదో ఒకటి అనాలి కదా అని, “మీరేంటండీ, ఇక్కడ?” అంది.

“ఆయన బదులు వచ్చాను,” అంటూ ఆవిడ బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. “పాడుచేసిన ఫ్యాక్టరీవాళ్ళే బాగుచేయాలి, జనం దగ్గర పైసా కూడా అడక్కూడదు అని ఈ కేసు వేసింది మా ఆయనే కదమ్మా.”