ఒకే కడుపు, రెండు ఫొటోలు

"అన్నా, మొలతాడుకు ఎండి బిళ్ల ఉంది. గది గూడ తియ్యాల్నా?"

బుజ్జి గొంతు స్కానింగ్ సెంటర్ హాలంతా వినిపించింది. మధుకర్ తల దించుకున్నాడు.

"తియ్యాలె. జర మెల్లగ మాట్లాడు."

"పొద్దటి గోలీ అయింది గదా?"

"అయిందిరా. ఊకో."

మాదాపూర్‌లోని ఆ సెంటర్‌లో స్కిజోఫ్రీనియా మీద పరిశోధన జరుగుతోంది. ఒకే కడుపున పుట్టి, ఒకరికి జబ్బు ఉండి, మరొకరికి లేని ఇద్దరు కావాలంది డాక్టరమ్మ. "జబ్బున్న కొందరి మెదడులో నీటి గదులు కాస్త పెద్దవిగా, పైపొర కాస్త పలచగా ఉంటాయి. ఒక్కరి ఫొటో చూసి ఏమీ చెప్పలేం. వందల మందివి పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది" అని వివరించింది.

"మన కష్టం నలుగురికి పనికొస్తదంటే సిగ్గెందుకే?" అని అన్నను ఒప్పించింది బుజ్జే.

గాజు తలుపు తెరుచుకుంది. వచ్చింది మధుకర్ ఆఫీసు మేనేజర్ నరసింహమూర్తి. టీములో ఒకమ్మాయి డిప్రెషన్ అని సెలవు అడిగితే, ఆమె అటు తిరగ్గానే కణత దగ్గర వేలు తిప్పి నవ్విన మనిషి.

"ఏంటి మధుకర్, నువ్విక్కడ? మా ఆవిడ మోకాలి రిపోర్టుకని వచ్చాను. ఇతనెవరు?"

బుజ్జి నవ్వుతూ నోరు తెరిచేలోపే మధుకర్ అనేశాడు.

"మా డ్రైవర్ సార్."

తమ్ముడు క్యాబ్ నడిపేది నిజమే. బుజ్జి ఒక్క క్షణం అన్న ముఖంలోకి చూశాడు. లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నమస్తే సార్."

అంతలో నర్సు బయటికొచ్చింది. "స్కిజోఫ్రీనియా స్టడీకి ఇద్దరు కదా? మీలో పేషెంట్ ఎవరు?"

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. మధుకర్ చూపు మేనేజర్ వైపు పోయింది.

"నేనే మేడం" చెయ్యెత్తాడు బుజ్జి.

నరసింహమూర్తి చప్పున వెనక్కి జరిగాడు. మధుకర్ చెవి దగ్గరికి వంగి, "డ్రైవర్ కోసం నువ్వు కూడా స్కాన్ చేయించుకుంటున్నావా! గొప్ప మనసయ్యా నీది. కానీ రేపట్నుంచి బండి తాళాలు మాత్రం వాడికివ్వకు. ఇలాంటి వాళ్లను నమ్మలేం" అన్నాడు.

గుసగుస అనుకున్నాడు గానీ, పక్కవాళ్లందరికీ వినిపించింది. బుజ్జి మాత్రం వినబడనట్టు వంగి చెప్పులు సర్దుకున్నాడు.

మధుకర్ ఆ మెప్పును కాదనలేకపోయాడు. తల కూడా ఊపాడు.

నర్సు ముందు నడిచింది. అన్నదమ్ములు ఆమె వెనకే లోపలికి వెళ్లాక తలుపు మూసుకుంది. మధుకర్ కళ్లెత్తలేదు.

"బుజ్జీ... నిన్ను గట్ల..."

"గవన్నీ ఇడిసిపెట్టు." తమ్ముడి చెయ్యి అతని భుజం మీద పడింది. "ఫొటోలు తారుమారైతయన్నా, జబ్బు నీదని నర్సమ్మకు చెప్పు."