ఎక్కడికని అడిగితే

అగ్నిపర్వతపు దీవిలో, నల్లని లావా రాళ్ల మీదికి లావుపాటి తిమింగలం ఒకటి ఎక్కి కూర్చుంది. నీళ్లు వెనక్కి పోతున్నాయి. గంటలో కడలిలోకి దిగకపోతే దాని బరువే దాన్ని చంపేస్తుంది. ఊరంతా కలిసి తోసినా అంగుళం కదల్లేదు.

సముద్రజీవాలతో తెలుగులో మాట్లాడించే పెట్టె ప్రతి పడవలోనూ ఉండే రోజులవి. పడవ నడిపే తవిటమ్మ తన పెట్టెను దాని తల దగ్గర పెట్టింది.

"ఏటి బావూ, ఇరుక్కుపోనావా?"

"నేదప్పా, కూకున్నాను. దూర పెయానానికి బయల్దేరితే ఎవురో ఎనకనుంచి ‘ఎక్కడికీ’ అని కేకేసినారు. అలాగడిగితే మీరేటి సేస్తారు? ఒడ్డుకొచ్చి, కూకొని, మంచినీళ్లు తాగే కదా మళ్లీ ఎల్తారు!"

ఇన్నేళ్లు మన మాటలు విన్నాక మన చాదస్తం అంటుకోదా మరి!

తవిటమ్మ బిందెడు మంచినీళ్లు తెచ్చి దాని నోట్లో పోసింది. తిమింగలం ఊరంతా తడిసేలా త్రేన్చి, తోక ఝాడించి, నీళ్లలోకి దొర్లింది.

"ఎల్లొస్తానప్పా!"

"ఎవులే ఆ అడిగింది?" అంటూ జనం మూగారు.

"నానే," అంది తవిటమ్మ తలొంచుకుని. "ముందు ఎల్తా కనపడింది కదాని మరేదకి పలకరించినాను. సేపలకీ సెకునాలుంటాయని నాకేటి తెలుసు!"