పక్కకు రమ్మన్న మనిషి

ఆట మధ్యలో నాలుగోసారి లేచాడు ఎగ్బర్ట్ పిన్నాక్.

"మళ్ళీనా అన్నా! ఓడిపోతానని పారిపోతున్నావా?" అన్నాడు టప్పా.

మిస్ మెర్ల్ రమ్ము కొట్టు వాకిట్లో డామినో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళమంతా నవ్వాం. ఎగ్బర్ట్ గోడ వెనక పావుగంట నిలబడి, నాలుగు చుక్కలు పోసి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

"క్లినిక్కుకి పోరాదా?" అంది మిస్ మెర్ల్.

"పోయా. ఆ డాక్టరు చేతికి తొడుగేసుకుని, ప్యాంటు విప్పి వెనక్కి తిరగమన్నాడు. వేలు పెట్టి చూడాలంట! నేను మగాణ్ణిరా నాయనా అని చెప్పి వచ్చేశా."

బల్ల అదిరేలా నవ్వాం. మా స్నాపర్ బేలో మగాడికి ప్రాణం పోయినా ఫర్వాలేదు, మగాడు కాదన్న మాట మాత్రం రాకూడదు.

నవ్వనివాడు ఒక్కడే. మిస్ మెర్ల్ వెనకగదిలో అద్దెకు దిగి మూడు రోజులైంది. పేరు టెన్నంట్. యాభై దాటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. తన వంట తానే వండుకుంటాడు, తన బట్టలు తానే ఉతికి వరసగా ఆరేసుకుంటాడు. పెళ్ళాం లేదు. ఊరికి ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? తేడా మనిషని మొదటి రోజే తేల్చేశాం.

అతను బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎగ్బర్ట్ గారూ, మీతో ఒక్క మాట. అలా పక్కకొస్తారా?"

ముక్కల చప్పుడు ఆగిపోయింది. అలాంటివాడితో మా ఊళ్ళో ఏ మగాడూ పక్కకు వెళ్ళడు. వెళితే ఏ మొహం పెట్టుకుని తిరిగొస్తాడు?

"పక్కకెందుకు? ఏదున్నా ఇక్కడే చెప్పు."

"నలుగురిలో చెప్పేది కాదండీ. మీ ఇంటి సంగతి."

"నా ఇంటి సంగతి నీకెందుకురా?"

టెన్నంట్ మా మొహాలన్నీ ఒకసారి చూశాడు. చెప్పాలనుకున్నది మింగేసి, ఉన్నదాంట్లో చెప్పగలిగింది చెప్పాడు.

"ఆ పరీక్ష చేయించుకోండి. మీకు పుణ్యముంటుంది. సిగ్గుపడితే ప్రాణం మీదికొస్తుంది. ఈ జబ్బు ఎలా చంపుతుందో నేను దగ్గరుండి చూశాను."

"వేళ్ళ సంగతి నీకు కాక ఇంకెవరికి తెలుస్తుందిలే!" అన్నాడు టప్పా.

అందరం విరగబడి నవ్వాం. ఎగ్బర్ట్ నవ్వలేదు. ఒక ఆడంగి వాడు నలుగురిలో తన వెనక భాగం గురించి మాట్లాడాడు. అతనికి తల కొట్టేసినట్టయింది. చేతికందిన సీసా విసిరాడు. టెన్నంట్ కనుబొమ్మ చిట్లింది.

"ఇంకోసారి ఊళ్ళో కనిపించావా, చేపను చీల్చినట్టు చీలుస్తా!"

వ్యాను ఎక్కేదాకా అతని వెంటపడ్డాం. చర్చి పెద్దలు కూడా వచ్చారు. తలా ఒక రాయి విసిరాం. నాది తగల్లేదు, అంతమాత్రాన నేను మంచివాణ్ణి కాను.

అతను కిటికీలోంచి నెత్తురు తుడుచుకుంటూ అరిచాడు.

"ఆలస్యం చేయకండి ఎగ్బర్ట్ గారూ!"

దానికీ నవ్వాం. ఆ సాయంత్రం ఎగ్బర్ట్‌కి రమ్ము మేమే పోయించాం. ఊరి పరువు నిలబెట్టాడు మరి.

ఎనిమిది నెలలు తిరిగేసరికి ఎగ్బర్ట్ నడుము పట్టేసింది. మూత్రంలో నెత్తురు పడింది. పడవ ఎక్కలేని మనిషిని నేనూ, టప్పా కింగ్‌స్టన్ పెద్దాసుపత్రికి మోసుకెళ్ళాం.

"ప్రోస్టేట్ క్యాన్సర్. ఎముకలదాకా పాకింది," అంది డాక్టరమ్మ. "ఆ వేలి పరీక్ష అప్పుడే చేయించుకుని ఉంటే బతికించుకునేవాళ్ళం."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చామని మాకు అర్థమైంది.

"ఇది వంశంలో వచ్చే జబ్బు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్న మూత్రం ఆగిపోయి చచ్చిపోయాడు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు."

"అన్నదమ్ములు?"

ఎగ్బర్ట్ గోడ వైపు చూశాడు.

"ఒక తమ్ముడు. లాసెల్స్. అదోరకం మనిషమ్మా. ఇరవై ఏళ్ళ కిందట నేనే కత్తి పుచ్చుకుని తరిమేశా. మళ్ళీ చూళ్ళేదు."

"లాసెల్స్ పిన్నాక్ మీ తమ్ముడా?" డాక్టరమ్మ తలెత్తింది. "ఎనిమిది నెలల కిందట ఈ వార్డులోనే పోయారు. ఇదే జబ్బు."

టప్పా టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మరి మీకు కబురు అందలేదా?" అంది ఆవిడ. "'మా అన్నయ్యనైనా నాలా పోనివ్వకు' అని మీ తమ్ముడు ఒట్టు వేయించుకున్నారని, పదహారేళ్ళు ఆయనతో కాపురం చేసి, చివరి రోజుల్లో రాత్రీ పగలూ ఈ మంచం పక్కనే కూర్చున్న టెన్నంట్ గారు, సమాధి చేసిన మర్నాడే మీ ఊరు బయల్దేరారే!"