ముందు తేనె మిణుగురు

ఏనుగుకి ఈల వేయడం నేర్పిన కాకిని నేను. ఇది నా కళ్లముందు జరిగింది.

గిజిగాడు వదిలేసిన గూట్లోకి ఒక పిచ్చుక కాపురానికొచ్చింది. దీపం కోసం గిజిగాడు బంకమట్టితో అతికించిన మిణుగురు ఇంకా గోడకే ఉంది. ముందు నోట్లో తేనెచుక్క పడితేనే అది వెలిగేది, తేనె అరగగానే ఆరిపోయేది. గూడు చీకటైతే పాము వస్తుంది. పిచ్చుకకేమో గుడ్లున్నాయి.

"పక్కకొమ్మ మిణుగురులు వెలిగాకే తేనె అడుగుతాయట. వాటిని పెట్టుకుంటాను, నువ్వు వెళ్లు నాయనా," అంది పిచ్చుక.

"అతికించినవాళ్లే ఊడదీయాలమ్మా. అదీ పద్ధతి," అంది మిణుగురు.

నేను ఒక్క రెక్క విసురుతో మూడు కొండలు దాటి గిజిగాణ్ణి అడిగాను.

"గూడు వదిలేశాక నాకేం హక్కు కాకి తాతా? ఉన్నవాళ్లే తీసుకోవాలి," అన్నాడు.

దిగిపోతున్న సూర్యుణ్ణి ముక్కుతో కాసేపు పట్టి ఆపి, ఆ మాట పిచ్చుకకి చేరవేశాను. అది నీళ్లు తెచ్చి మట్టిమీద పోసింది. మట్టి నాని మిణుగురు ఊడి వెళ్లిపోయింది.

పక్కకొమ్మ మిణుగురు వచ్చింది. తడిమట్టిలో కుదురుగా కూర్చుని చుట్టూ చూసింది.

"ఇది ముందు తేనె పోసే ఇల్లు కదమ్మా," అని నోరు తెరిచింది.

గుడ్లున్న తల్లి. పోసింది.